మా ఆఫీసు నవాబు అలకలు

సెప్టెంబర్ 4, సోమవారం

నవాబు మళ్ళీ మాయం. పొద్దున రాగానే ఉన్నాడు, అడిగిన డ్రాయింగులు ఇచ్చాడు, చాయ్ తాగి వచ్చేసరికి లేడు. లేడంటే ఎక్కడికీ పోలేదు — కిటికీ పక్క బల్ల మీదే ఉన్నాడు, నల్లగా, గుండ్రాయిలా, పచ్చ దీపం వెలిగించుకుని. కానీ ఒక్క కంప్యూటర్లో కూడా కనిపించడు. మేం గీసిన లేఅవుట్లన్నీ ఆ డబ్బా పొట్టలోనే. అది పొట్ట మూసుకుందంటే ఆఫీసంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.

ఆ పేరు పెట్టింది మాతో పాటు గీసే ఇర్ఫాన్. ఇష్టమైనప్పుడు లేస్తాడు, ఇష్టమైనప్పుడు పడుకుంటాడు, ఎవరికీ జవాబు చెప్పడు, నవాబు కాక ఇంకెవరు అన్నాడు. పేరు అతుక్కుపోయింది.

కొనమని ఆఫీసు నడిపే ప్రభుదాస్ అన్న వెంట పడింది మాత్రం నేను. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఈ బల్ల నుంచి ఆ బల్లకి తిరగలేక. వేసవిలో కొన్నాం, ఆగస్టు దాకా బుద్ధిగా ఉంది. ఇప్పుడు మాయమైనప్పుడల్లా అందరూ నా వైపు చూస్తారు.

సెప్టెంబర్ 5

హైదరాబాద్ నుంచి శ్రీకాంత్ గారి ఫోన్. మా పనంతా ఆయన కంపెనీదే — అక్కడ ఖాళీ చేను కనబడితే చాలు, ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. ఆ ప్లాట్లకు గీతలు గీసేది ఇక్కడ బీదర్‌లో మేం. జహీరాబాద్ వెంచర్ ప్లాన్ నిన్న పోవాలి. నవాబు లేవలేదు కాబట్టి పోలేదు.

అన్న స్పీకర్ పెట్టాడు. శ్రీకాంత్ గారు కోప్పడలేదు, అదే భయం. "ప్రభుదాస్ గారూ, దసరా అయ్యాక ఇక్కడ పెద్ద హాల్లోకి మారుతున్నాం. మీవాళ్ళందరితో వచ్చేయండి. ఈ డబ్బా గొడవే ఉండదు." అన్న బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు — దసరా దాకా ఒక్క ప్లాన్ కూడా ఆలస్యం కాకపోతే పని బీదర్‌లోనే ఉంటుంది. ఆలస్యమైతే మాత్రం ఆఫీసు ఎత్తేయడమే.

ఫోన్ పెట్టాక ఎవరు పోతారో లెక్కేసుకున్నాను. శివలీల రోజూ ఖటక్ చించోళి నుంచి బస్సులో వస్తుంది, ఆ ఊళ్ళో వాళ్ళకు చెరకుంది, ఆమె రాదు. ఇర్ఫాన్ పోతాడు, వాడికి ఎక్కడైనా ఒకటే. నేను... మా ఆయన వినోద్‌ది ఇక్కడి ఆస్పత్రిలో సర్కారు నర్సు ఉద్యోగం. అంటే ఆయన ఇక్కడ, నేనక్కడ. పెళ్ళికి ముందు అమీర్‌పేట హాస్టల్లో ఒక ఏడాది ఉన్నాను. ఆ సాంబారు గుర్తొస్తే ఇప్పటికీ ఆకలి చచ్చిపోతుంది.

పోను. నవాబుకి వైద్యం చేయాల్సిందే.

సెప్టెంబర్ 6

వైరు మార్చాను. కొత్తది, నీలం రంగు. మధ్యాహ్నం దాకా బంగారం. అన్నం తిని వచ్చేసరికి మాయం. వైరు మాత్రం చూడముచ్చటగా ఉంది.

సెప్టెంబర్ 7

ఈ రోజు ఒక వింత. నెట్‌వర్క్‌లో ప్రతిదానికీ ఇంటి నంబరులాంటి నంబరు ఉంటుంది కదా — నవాబుకి నేను పెట్టిన నంబరుతో పిలిచి చూశాను. పలికాడు! పిలిచిన ప్రతిసారీ పలుకుతాడు. ఫైలు అడిగితే మాత్రం ఎవరో తెలియనట్టు మొహం పెడతాడు. ఉన్నవాడు తలుపు ఎందుకు తీయడు? ఇర్ఫాన్ అంటాడు, లోపల జిన్ను చేరింది, నీ గొంతు విని అదే పలుకుతాంది అని. నవ్వాను. తర్వాత ఒక్కదాన్నే ఉన్నప్పుడు డబ్బా మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసుకున్నాను. ఎవరూ చూడలేదు.

సెప్టెంబర్ 8

వినోద్ — "బీపీ చూసినవా? షుగర్ చూసినవా? మా వార్డుకు తోలియ్యి, సెలైన్ పెడ్త."

సెప్టెంబర్ 11, సోమవారం

డబ్బా అమ్మిన హైదరాబాద్ దుకాణానికి ఫోన్ చేశాను. రీస్టార్ట్ చేశారా మేడమ్ అన్నాడు. చేశానన్నాను. ఇంకోసారి చేయండి అన్నాడు. చేసి, లైన్లో ఉండి, వాళ్ళ పాట మొత్తం విన్నాను. ఆలోపు నవాబు కళ్ళు తెరిచాడు. చూశారా, నేను చెప్పానా అని దుకాణం వాడి గొంతులో ఎంత గర్వమో. కాకి వాలింది, తాటిపండు పడింది, పేరు కాకిది.

నేను ఫోన్ పెట్టి ఇంకో గీత గీయకముందే మళ్ళీ పడుకున్నాడు.

సెప్టెంబర్ 12

వేడి అయి ఉంటుందని శివలీల. టేబుల్ ఫ్యాను తీసుకుపోయి నవాబు ముందు పెట్టింది. ఆయన చల్లగా ఉన్నాడు, మేం చెమటలు కక్కుతున్నాం. అన్న బయటి నుంచి వచ్చి చూసి, ఈ ఆఫీసులో జీతగాళ్ళెవరో దొర ఎవరో ఇప్పుడు తెలిసిందన్నాడు. అయినా మాయమయ్యాడు. ఫ్యాను కింద.

సెప్టెంబర్ 14

ఇది నవ్వే సంగతి కాదు. ఇర్ఫాన్ పొద్దుటి నుంచి మన్నాఏఖేళ్ళి వెంచర్ గీస్తున్నాడు — హైవే పక్కన వంకర చేను, ఏ మూలా సమంగా లేదు, దాన్ని రోడ్లూ పార్కూ వచ్చేలా తెచ్చాడు. సేవ్ కొట్టే సమయానికి నవాబు లేడు. కంప్యూటర్ బిగుసుకుపోయింది. మొత్తం పోయింది.

ఇర్ఫాన్ బయటికి పోయి ఒక చాయ్ తాగి వచ్చి మళ్ళీ మొదటి గీత నుంచి మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని కొలతలు చదివాను. సాయంత్రం ఆఫీసు కట్టేసే లోపల పంపాం. ఈసారికి గండం గడిచింది. ఇక నుంచి అందరూ ముందు సొంత కంప్యూటర్లో గీసి, తర్వాతే నవాబుకి ఇవ్వాలని చెప్పాను. అంటే మళ్ళీ పెన్‌డ్రైవుల కాలం వచ్చినట్టే. సిగ్గేసింది.

సెప్టెంబర్ 17, ఆదివారం

చర్చి అయ్యాక ప్రభుదాస్ అన్న చెట్టు నీడన చెప్పులు వేసుకుంటూ నన్ను ఆపాడు. వదినకు ఇంకా చెప్పలేదట. హైదరాబాద్‌లో పిల్లలకు బడి చూడమని ఎవరికో చెప్పి పెట్టాడట.

"నేను ఈ ఊరు విడువాల్ననుకుంటలేను, సునీతా. గని పనే పోతె ఊరును పట్టుకొని ఏం జేస్త?"

ఇంకొన్ని రోజులు ఆగుండ్రి అన్నా, అన్నాను. దేని ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

సెప్టెంబర్ 18

కళ్ళజోడు పుల్ల ఊడింది. నవాబు ఎట్లాగూ నిద్రలో ఉన్నాడు కదా అని కిందికి దిగాను — కింద జాకబ్ మామది కళ్ళద్దాల దుకాణం. మామ లేడు. గడపకు అడ్డంగా స్టూలు. మామ స్టూలు అడ్డం పెట్టాడంటే ఇప్పుడే వస్తానని అర్థం, ఎప్పుడొస్తాడో మాత్రం స్టూలుకి కూడా తెలియదు. చాయ్‌కైనా పోయి ఉండవచ్చు, ఎవరినో పలకరించడానికైనా. మామకు ఈ బజారులో పలకరించని మనిషి లేడు.

జోడుకి దారం కట్టుకుని పని చేశాను.

సెప్టెంబర్ 19

మళ్ళీ దిగాను, నవాబు మాయమైనప్పుడే. మళ్ళీ స్టూలు. దారంతోనే ఉన్నాను. శివలీల తన కన్నడం కలిపి, "ఏనక్కా, పైన నవాబు లేడు, కింద మామ లేడు, ఇద్దరు కలిసి యాడికో పోతున్నరు" అంది. అందరం నవ్వాం.

సెప్టెంబర్ 20, బుధవారం

పొద్దున పళ్ళు తోముకుంటుంటే శివలీల మాట గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. బ్రష్ నోట్లోనే ఉంచుకుని నిలబడిపోయాను.

ఆఫీసుకు రాగానే కిందికి తొంగి చూశాను. మామ ఉన్నాడు, పైన నవాబు ఉన్నాడు. పనంతా పక్కన పెట్టి మెట్ల మీద కాపు కాశాను. మామ లేచాడు, ఏదో సర్దాడు, స్టూలు అడ్డం పెట్టి పోయాడు. పైన ఇర్ఫాన్ అరిచాడు — "అక్కా, పోయిండు." కాసేపటికి మామ తిరిగొచ్చాడు, వెనకే నవాబూ వచ్చాడు.

ఒకసారి అయితే కాకీ తాటిపండూ. ఇంకోసారి చూడాలి. కిందికి పోయి కూర్చున్నాను, జోడు బాగు చేయించుకున్నాను.

"మామా, జర పోయి చాయ్ తాగి రాండ్రి."

"ఇప్పుడే తాగిన గదా బిడ్డా."

"ఇంకోటి తాగుండ్రి."

పోయాడు పాపం. నవాబు మాయం. వచ్చాడు. నవాబు హాజరు. మళ్ళీ పొమ్మన్నాను. మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నిజం చెప్పు బిడ్డా. నా దుకాణం ఎవరికన్న కావాల్నా?" కాదని ఒట్టు వేసి పంపాను. మూడో చాయ్ తాగి వచ్చి కుర్చీలో కూలబడి కడుపు పట్టుకున్నాడు.

అప్పుడు అడిగాను. పోయేటప్పుడు ఏమేం చేస్తరు, ఒక్కొక్కటి చెప్పుండ్రి అని. లైటు బంద్ చేస్తాడట. గల్లాకు తాళం వేస్తాడట. స్విచ్ వేసి కెమెరా చాలు చేస్తాడట. ఆగస్టులో పక్క దుకాణంలో దొంగలు పడితే పెట్టించాడు.

"కెమెరా దినమంత చాలు ఉండదా మామా?"

"నేనుండంగ కెమెరా ఎందుకు? కండ్లద్దాలు అమ్మేటోనికి కండ్లు లెవ్వా?"

ఫ్రేముల డబ్బాల వెనక, గోడకు ఆనించి, ఆ కెమెరా బొమ్మలన్నీ దాచుకునే పెట్టె. దాని నుంచి ఒక వైరు. వైరు వెంట పోయాను — కిటికీ, సజ్జ, గోడ, మెట్లు... నేరుగా మా ఆఫీసులోకి. అప్పుడు గుర్తొచ్చింది. ఆగస్టులో మామ మేనల్లుడు వచ్చి, ఫోన్లో దుకాణం చూసుకోవడానికి ఇంటర్నెట్ కావాలంటే, మా దాంట్లోంచే లాక్కోమన్నాడు అన్న. కింద ఉన్నది మామ, పరాయివాడా? మా దగ్గర ఇంటర్నెట్ అడిగితే లేదనడం మంచినీళ్ళు అడిగితే లేదన్నట్టే. ఇచ్చి మరిచిపోయాం. మామ ఆ ఫోన్లో చూడటం ఈనాటికీ నేర్చుకోలేదు.

పెట్టె టీవీకి తగిలించి ఉంది. దాని నంబరు చూశాను. ముప్పై ఎనిమిది.

నవాబుది కూడా ముప్పై ఎనిమిదే.

ఒకే ఇంటి నంబరు రెండిళ్ళకు. మామ కెమెరా చాలు చేయగానే మా కంప్యూటర్లన్నీ పోయి ఆ తలుపు తట్టాయి. నేను పిలిచినప్పుడల్లా పలికింది అదే. లేఅవుట్ అడిగితే కళ్ళద్దాల దుకాణం ఏమిస్తుంది?

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ముందు నవ్వాను. మామ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

సెప్టెంబర్ 21

మామ మేనల్లుడికి ఫోన్ చేశాను, గట్టిగా నాలుగు మాటలు అనాలని. అన్ని నంబర్లుండగా ముప్పై ఎనిమిదే ఎందుకు పెట్టినవు అంటే, "మన బీదర్ నంబర్ గదా అక్కా" అన్నాడు. నేను పెట్టిందీ అందుకే. మా బండ్లన్నిటికీ కేఏ ముప్పై ఎనిమిది. హైదరాబాద్ రోడ్డు మీద ఆ నంబరు బండి కనబడితే పరాయి ఊళ్ళో చుట్టం కనబడ్డట్టు చెయ్యి ఊపే జనం మేం. ఆ రోజు నవాబుకి నంబరు కొట్టమని అడిగితే నా వేళ్ళు వాటంతటవే కొట్టాయి. వాడి వేళ్ళూ అంతే. ఏ హైదరాబాద్ వాడో పెట్టి ఉంటే నూరో రెండువందలో పెట్టేవాడు, నవాబు హాయిగా ఉండేవాడు.

మరి ఎవరు మార్చుకోవాలి? మామ ససేమిరా. వయసులో పెద్దవాడిని, ముప్పై ఎనిమిది నాదే అంటాడు, నిన్నటిదాకా దానికో నంబరుందనే తెలియని మనిషి. సరే, నవాబుదే మార్చాను. ఏం పెట్టాలి అంటే శివలీల చెయ్యెత్తింది — ముప్పై తొమ్మిది. అది వాళ్ళ ఊరి వైపు, భాల్కి తాలూకా బండ్ల నంబరు. ఇర్ఫాన్ ఒప్పుకోనన్నాడు. శివలీల టేబుల్ ఫ్యాను తన వైపు తిప్పుకుంది. ముప్పై తొమ్మిదే పెట్టాం.

సెప్టెంబర్ 22

మామ పది సార్లు బయటికి పోయాడు, కావాలనే. నవాబు కదల్లేదు.

సెప్టెంబర్ 23

మామ దుకాణం మూసి కమలనగర్ పెళ్ళికి పోయాడు. కెమెరా రోజంతా చాలు. నవాబూ రోజంతా చాలు. ఇర్ఫాన్ పెన్‌డ్రైవులన్నీ ఒక సంచిలో వేసి అటక మీద పెట్టాడు.

సెప్టెంబర్ 25

అన్న శ్రీకాంత్ గారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు — స్టూలు, చాయ్, నంబరు, ఏదీ వదలకుండా. నా పేరు ఎన్నిసార్లు చెప్పాడో. అవతల ఆయన పడీ పడీ నవ్వుతున్నాడు. మంచిదే, కానీ దసరా దాకా చూద్దామన్నాడు. ఇల్లు అలకగానే పండగ కాదు, నాకు తెలుసు.

సెప్టెంబర్ 28

మధ్యాహ్నం నవాబు లేడు. నేను రెండేసి మెట్లు దిగి మామ దగ్గరికి పరిగెత్తాను — మామ కుర్చీలోనే ఉన్నాడు, ఏమైంది బిడ్డా మళ్ళ చాయ్‌కి పోవాల్నా అన్నాడు. పైకొస్తే శివలీల చేతిలో తడిగుడ్డ, నవాబు ప్లగ్గు నేల మీద. రేపు ఆయుధ పూజ, డబ్బాను తుడుస్తున్నానంది. ఆమె మీద అరవబోయి, మొహం చూసి మానుకున్నాను. నవాబు ఇంత తళతళలాడడం ఇదే మొదలు.

సెప్టెంబర్ 29, శుక్రవారం

శివలీల కంప్యూటర్లన్నిటికీ కుంకుమ పెట్టింది, నవాబుకి బంతిపూల దండ. గాలి ఆడే చోట పువ్వు పడకుండా చూడమని మాత్రం చెప్పాను. అన్న చర్చి పెద్ద, ఏమంటాడో అనుకున్నాను — కళ్ళు మూసుకుని ఒక పక్కన నిలబడ్డాడు, ఏం ప్రార్థించాడో ఆయనకే తెలుసు. ఇర్ఫాన్ మరమరాలు రెండోసారి పెట్టించుకున్నాడు. కింది నుంచి మామ కూడా వచ్చి, నా కెమెరాకు బొట్టేదని అడిగాడు.

ఒక్క ప్లాన్ కూడా ఆలస్యం కాలేదు. ఇలాంటి ఆఫీసు ఇంకెక్కడా ఉండదు అనిపించింది. ఇక్కడే ఉంటాం అనిపించింది.

అక్టోబర్ 3, మంగళవారం

శ్రీకాంత్ గారి ఫోన్. అన్న స్పీకర్ పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడు — పని బీదర్‌లోనే. ఇర్ఫాన్ బల్ల మీద దరువేశాడు. శివలీల ఊరికి ఫోన్ చేయడానికి బయటికి పరిగెత్తింది.

తర్వాత ఆయన ఇంకో మాట అన్నాడు. కొత్త హాల్లో యాభై కంప్యూటర్లు పెట్టారట, ఇలాంటివే నాలుగు పెద్ద డబ్బాలు, ఒక్కటీ కుదురుగా ఉండటం లేదట. "మీ సునీత గారిని మాకు ఇవ్వండి ప్రభుదాస్ గారూ. డ్రాయింగులు కాదు, మొత్తం నెట్‌వర్క్ ఆవిడే చూసుకోవాలి. సోమవారంలోగా చెప్పండి."

అన్న స్పీకర్ ఆపి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. మాట్లాడటం అయ్యాక నా వైపు చూశాడు.

"నీ ఇష్టం, సునీతా. నేనైతె పోవద్దని అన. అంటె పాపం తగుల్తది."

వద్దంటాడేమోనని చూశాను. అంటే ఎంత బాగుండేది.

అక్టోబర్ 4

ఇన్నాళ్ళూ పోకుండా ఉండటానికే తంటాలు పడ్డాను కదా. మరి ఆ మాట విన్నప్పటి నుంచీ ఈ సంతోషం ఎందుకు? మొత్తం ఆవిడే చూసుకోవాలి... అన్నం కలుపుతుంటే అదే, బట్టలు ఆరేస్తుంటే అదే. నన్ను ఎవరూ ఎప్పుడూ అట్లా అడగలేదు. భయంగా ఉంది. పోవాలనిపించడమే భయంగా ఉంది.

వినోద్ డ్యూటీ నుంచి వచ్చాడు. నా మొహం చూసి, ఏంది, వెలిగిపోతున్నవ్ అన్నాడు. తినుండ్రి, చెప్త అన్నాను. తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, వార్డులో ఎవరికో కవలలు పుట్టారని చెప్పాడు. అంతా విన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. నేను చెప్పకుండానే కంచాలు తీశాను, సోమవారం దాకా గడువుంది కదా.